పినో ద్రాక్షల తెల్ల వైన్లను రుచి చూసి పోల్చడం ఎలా

పినో పేరు రాసి ఉన్న తెల్ల వైన్లను రెండు మూడు వరుసగా తాగి, అన్నీ ఒకేలా ఉన్నాయని పెదవి విరిచేవారు చాలామంది ఉంటారు. అందులో వారి నాలుక తప్పేమీ లేదు. మస్కట్, గెవుర్త్స్‌ట్రామినర్ వంటి ద్రాక్షల వైన్లు గ్లాసు ముక్కు దగ్గరికి రాకముందే తామెవరో చెప్పేస్తాయి. పినో గ్రీ, పినో బ్లాన్ అలా చెప్పవు. వాటి తేడా పరిమళంలో కంటే నోటిలో ఎక్కువగా ఉంటుంది: ఎంత బరువుగా అనిపిస్తుంది, పులుపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది, మింగాక చిగుళ్ల మీద కాస్త వగరో చేదో మిగులుతుందా అన్న విషయాల్లో ఉంటుంది. అందుకే ఈ వైన్లను ఒక్కొక్కటిగా కాక జతలుగా, ఒక్క విషయంలో మాత్రమే తేడా ఉండేలా ఎంచుకుని పోల్చాలి. ఇక్కడ చెప్పబోయే పద్ధతి అంతా ఆ ఒక్క నియమం మీదే నడుస్తుంది.

ముందుగా ఏ ద్రాక్ష ఏమిటో తెలుసుకోండి

పినో న్వార్ నల్లగా ఉండే ద్రాక్ష. పినో గ్రీ, పినో బ్లాన్ దాని నుంచి మొగ్గలో జరిగిన ఉత్పరివర్తన (జన్యు మార్పు) వల్ల వచ్చిన రంగు భేదాలు మాత్రమే; సాధారణ డీఎన్ఏ గుర్తింపు పరీక్షలో ఈ మూడూ ఒకే రకంగా కనిపిస్తాయి. పినో న్వార్ తీగ మీద ఒక కొమ్మకు ఉన్నట్టుండి బూడిద రంగు గుత్తులో తెల్ల గుత్తులో కాయడం ఈనాటికీ అప్పుడప్పుడు జరుగుతుంది. పినో గ్రీ తొక్క బూడిద, గులాబీ, నీలి ఛాయలు కలిసినట్టుంటుంది. ఫ్రాన్సులో పినో గ్రీ, ఇటలీలో పినో గ్రీజో, జర్మనీలో గ్రౌబుర్గుండర్, హంగరీలో స్యుర్కెబరాత్ అన్నవన్నీ ఈ ఒక్క ద్రాక్షే. పినో బ్లాన్‌ను ఇటలీలో పినో బియాంకో అనీ, జర్మనీ, ఆస్ట్రియాలలో వైస్‌బుర్గుండర్ అనీ పిలుస్తారు.

షార్డనే అనే తెల్ల ద్రాక్ష ఈ వరుసలోకి రాదు. దానిని ఒకప్పుడు పినో షార్డనే అని రాసేవారు, ఇటలీ తోటల్లో పినో బియాంకోతో కలగాపులగంగా పెంచేవారు కూడా. కానీ అది పినోకు, గుయే బ్లాన్ అనే పాత ద్రాక్షకు పుట్టిన సంతానమని 1999లో డీఎన్ఏ పరిశోధన తేల్చింది. ఫ్రాన్సు తూర్పున ఉన్న అల్సాస్ ప్రాంతంలో కనిపించే ఓసెర్వా అనే ద్రాక్ష కూడా ఆ జంట సంతానమే. అయినా పోలిక కోసం ఓక్ పీపా తగలని షార్డనేను పక్కన ఒక గ్లాసులో పెట్టుకోవడం మంచి ఆలోచనే, ఎందుకంటే పినో బ్లాన్ ఎంత నెమ్మదస్తురాలో దాని పక్కన స్పష్టంగా తెలుస్తుంది.

జతలను ఎంచుకోండి

మొదటి జతగా ఒకే నేల మీద పండిన రెండు ద్రాక్షలను తీసుకోండి. ఇటలీ ఉత్తరాన ఆల్ప్స్ పర్వతాలను ఆనుకుని ఉన్న ఆల్టో అడిజే ప్రాంతపు పినో బియాంకో, అదే ప్రాంతపు పినో గ్రీజో ఇందుకు చక్కగా సరిపోతాయి. రెండూ ఒకే ఉత్పత్తిదారువి, ఒకే సంవత్సరానివి అయితే ఇంకా మేలు. ఒక్క జత కొనగలిగే వీలు మాత్రమే ఉంటే నేను చెప్పేది ఇదే. పైకి పెద్ద తేడా కనిపించదు కాబట్టి చాలామంది దీన్ని వదిలేసి అట్టహాసమైన జతలకు పోతారు. నోటికి తర్ఫీదు ఇచ్చేది మాత్రం ఈ చిన్న తేడాయే.

రెండో జతలో ద్రాక్ష ఒకటే, నేల, కోత సమయం వేరు. ఒక వైపు వెనెతో, ఫ్రియులి, ట్రెంతినో ప్రాంతాలకు కలిపి 2017లో ఏర్పడిన డెల్లె వెనెత్సియే డీఓసీ (ప్రాంతం పేరుతో ఇచ్చే ఇటలీ వైన్ గుర్తింపు) పినో గ్రీజో, మరో వైపు అల్సాస్ పినో గ్రీ. ఇటలీ మైదానాలలో పులుపు తగ్గకముందే కోసి, ఉక్కు తొట్టెలలో చల్లగా పులియబెట్టి, త్వరగా సీసాలకు ఎక్కిస్తారు; 12% ఆల్కహాలు దగ్గర ఆగే తేలికైన వైన్ వస్తుంది. అల్సాస్‌లో వోజ్ పర్వతాలు పడమటి వానలను అడ్డుకోవడంతో శరత్కాలం పొడిగా, ఎండగా సాగుతుంది. అక్కడ గుత్తులను బాగా పండనిస్తారు కాబట్టి ఆల్కహాలు 13.5% నుంచి 14% దాకా పోవడం మామూలే, కొంత చక్కెర మిగిలిపోవడం కూడా అరుదేమీ కాదు. ఒకే తీగ నుంచి వచ్చిన రెండు వైన్లు ఇంత దూరంగా ఉండగలవా అని మొదటిసారి తాగినవారు నమ్మరు.

ఈ రెండు ధోరణులకు మధ్య నిలిచేది అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రం. విలామెట్ లోయలో 1960ల నడుమ వైన్ తయారీదారు డేవిడ్ లెట్ నాటిన పినో గ్రీతో అక్కడ ఈ ద్రాక్ష చరిత్ర మొదలైంది. ఆ వైన్లలో అల్సాస్ నిండుదనం కొంత, ఇటలీ చురుకు కొంత ఉంటాయి కాబట్టి, రెండో జతను చూశాక మూడో గ్లాసుగా దీన్ని పోసుకుని రెండింటిలో దేనికి దగ్గరగా ఉందో తేల్చమని మిమ్మల్ని మీరే అడగండి.

తయారీలో తేడాను పట్టుకోవడానికి మరో జత కావాలి. జర్మనీలోని బాడెన్, ముఖ్యంగా కైజర్‌స్టూల్ కొండల ప్రాంతం ఇందుకు అనువైనది. అక్కడ ఒకే ఉత్పత్తిదారు ఉక్కు తొట్టిలో చేసిన వైస్‌బుర్గుండర్‌ను, ఓక్ పీపాలో ఉంచినదాన్ని విడివిడిగా అమ్మడం తరచుగా కనిపిస్తుంది. తొక్క ప్రభావాన్ని చూడాలంటే ఫ్రియులి ప్రాంతపు రమాతో రకం పినో గ్రీజోను మామూలు పినో గ్రీజో పక్కన పెట్టండి. రసాన్ని తొక్కలతో కలిపి కొన్ని గంటలో రోజులో నానబెట్టడం వల్ల రమాతోకు రాగి రంగు వస్తుంది. ఈ ద్రాక్షకు అక్కడి పాత పద్ధతి అదే. ఇప్పుడు ప్రపంచమంతా పినో గ్రీజో అనగానే తలచుకునే నీళ్లలాంటి రంగు 1960ల తర్వాత వ్యాపించిన ఫ్యాషన్.

పినో న్వార్ నుంచి తీసిన తెల్ల వైన్ ఒకటి దొరికితే దాన్ని చివరికి ఉంచుకోండి. నల్ల ద్రాక్ష అయినా దాని రసానికి రంగు ఉండదు. తొక్కలు ఊరకుండా మెల్లగా పిండితే తెల్ల వైనే వస్తుంది. షాంపేన్‌లో ఈ పని ఎప్పటి నుంచో జరుగుతోంది. నురగ లేనివి జర్మనీలో, ఆరెగాన్‌లో చేస్తున్నారు.

సీసా మీది చీటీ చదవడంలో రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. అల్సాస్‌లో పినో బ్లాన్ అని రాసిన సీసాలో ఓసెర్వా కూడా ఉండవచ్చు, ఒక్కోసారి దాని వాటాయే ఎక్కువగా ఉంటుంది; నిబంధనలు అందుకు అనుమతిస్తాయి. కాబట్టి పినో బ్లాన్ స్వభావం తెలుసుకోవడానికి ఇటలీ లేదా జర్మనీ సీసా మేలు. రెండోది తీపి సంగతి. 2021 పంట నుంచి అల్సాస్ సీసాల మీద తీపి స్థాయి రాయడం తప్పనిసరి అయింది. అంతకు ముందువి కొంటే అమ్మేవారిని అడగడమే మార్గం. యూరప్ నిబంధనల ప్రకారం లీటరుకు 4 గ్రాముల లోపు చక్కెర ఉన్న వైన్‌ను తీపి లేనిదిగా లెక్కిస్తారు, పులుపు తగినంత ఉంటే ఈ హద్దు 9 గ్రాముల దాకా పోతుంది. వాండాంజ్ తార్దివ్ అని ఉంటే అది ఆలస్యంగా కోసిన గుత్తులది, సాధారణంగా తీపిది. తీపి లేని వాటి పక్కన దాన్ని పెడితే పోలిక చెడిపోతుంది.

గ్లాసులు, చల్లదనం, ముసుగు

గ్లాసులన్నీ ఒకే ఆకారంలో, ఒకే పరిమాణంలో ఉండాలి. ఇది మిగతా జాగ్రత్తలన్నింటి కంటే ముఖ్యమైనది, ఎందుకంటే అదే వైన్ వెడల్పు గ్లాసులో ఒకలా, సన్నటి గ్లాసులో మరోలా వాసన ఇస్తుంది. రుచి పరీక్షల కోసం 1977లో ఖరారైన ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) గ్లాసు సుమారు 215 మిల్లీలీటర్లు పడుతుంది, అందులో 50 మిల్లీలీటర్లు పోస్తే చాలు. ఖరీదైన గ్లాసులు అవసరం లేదు, కడిగిన సబ్బు వాసన మాత్రం ఉండకూడదు. మంచినీళ్లతో మళ్లీ కడిగి, పోసే ముందు ఖాళీ గ్లాసును ఒకసారి వాసన చూడండి.

చల్లదనం విషయంలో చాలామంది తడబడతారు. తేలికైన పినో గ్రీజోను 8 డిగ్రీల సెల్సియస్ దగ్గర, అల్సాస్ పినో గ్రీని 12 దగ్గర ఇవ్వాలని చెబుతారు. తాగడానికి అది సరైన సలహాయే. పోల్చేటప్పుడు మాత్రం రెండూ ఒకే చల్లదనంలో ఉండాలి. మరీ చల్లబరిస్తే పరిమళం ముడుచుకుంటుంది, తీపి మరుగున పడుతుంది, పులుపూ చేదూ పైకి లేస్తాయి. అప్పుడు మీరు వైన్లను కాక ఫ్రిజ్‌ను పోల్చినట్టవుతుంది. రెండు సీసాలనూ ఒకేసారి ఫ్రిజ్‌లో పెట్టి, పోయడానికి ఇరవై నిమిషాల ముందు ఒకేసారి బయటికి తీయండి. 10, 11 డిగ్రీల దగ్గర మొదలుపెడితే, మాట్లాడుకునే లోపు గ్లాసు తనంతట తానే 13, 14కు చేరి మీకు రెండో పాఠం చెబుతుంది.

ఏ గ్లాసులో ఏది ఉందో మీకు తెలియకూడదు. సీసాకు కాగితపు సంచి తొడిగితే సరిపోతుందనుకుంటారు గాని, అల్సాస్ సీసా సన్నగా, పొడవుగా ఉంటుంది. సంచిలో ఉన్నా పోల్చుకోవచ్చు. మరొకరిని పక్క గదిలో పోయించి, గ్లాసుల అడుగున సంఖ్యలు వేయించండి. మీరు ఒక్కరే ఉంటే గ్లాసుల అడుగున మీరే చీటీలు అంటించి, కళ్లు మూసుకుని స్థానాలు మార్చడం ఒక ఉపాయం.

చూడండి, కానీ చూసినదాన్ని నమ్మకండి

తెల్ల కాగితం మీద గ్లాసును వాల్చి రంగు చూడండి. గులాబీ లేదా రాగి ఛాయ లీలగా ఉంటే పినో గ్రీ తొక్క గుర్తుకు రావాలి. ముదురు బంగారు రంగు బాగా పండిన గుత్తులకో, ఓక్ పీపాకో, వయసుకో సూచన. వైన్ రంగు మరీ లేతగా ఉంటే చెప్పగలిగింది దాదాపు ఏమీ లేదు. కంటి మాట నాలుక వింటుందన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి. 2001లో ప్రచురితమైన ఒక ఫ్రెంచి పరిశోధనలో, తెల్ల వైన్‌కు వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చినప్పుడు వైన్ విద్య చదివేవారు దాన్ని ఎర్ర వైన్లకు వాడే మాటలతోనే వర్ణించారు. రాగి రంగు రమాతోను చూడగానే అందులో ఎర్ర పండ్ల రుచి తగిలిందనిపిస్తే, కళ్లు మూసుకుని మరోసారి తాగి చూడండి.

ముక్కుతో చేయవలసిన పని

గ్లాసును తిప్పకుండా ఒకసారి, తిప్పి ఒకసారి వాసన చూడండి. మొదట వెతకవలసింది పండ్ల కోసం కాదు, లోపాల కోసం. తడిసిన అట్టముక్క వాసన వస్తే కార్కు చెడిపోయిందని అర్థం, ఆ సీసాతో పోలిక పనికిరాదు. కాల్చిన అగ్గిపుల్ల వాసన గంధకపు సమ్మేళనాలది. గట్టిగా తిప్పి కొన్ని నిమిషాలు వదిలేస్తే చాలాసార్లు పోతుంది. కోసి వదిలేసిన ఆపిల్ ముక్క వాసన గాలి తగిలి వడలిన వైన్‌ను సూచిస్తుంది.

లోపం లేదని తేలాక రెండు గ్లాసులనూ మార్చి మార్చి వాసన చూడండి. పినో బ్లాన్‌లో పచ్చి ఆపిల్, నిమ్మతొక్క, తెల్లపూలు, ఒక్కోసారి పచ్చి బాదం తగులుతాయి. ఇటలీ పినో గ్రీజోలో బేరిపండు, నిమ్మ ముందుంటాయి. అల్సాస్ పినో గ్రీ అయితే పండిన ఆప్రికాట్, తేనె, సన్నటి పొగ, కాస్త అల్లం, వయసు మీరితే పుట్టగొడుగు దాకా పోతుంది. ఈ జాబితాను కంఠస్థం చేసి వాటి కోసం గాలించకండి. చెప్పిన పేర్లన్నీ దొరకకపోతే వైన్ తక్కువదనీ కాదు, ముక్కు తక్కువదనీ కాదు. ‘ఏ గ్లాసులో పండు ఎక్కువ పండింది’ అన్న ఒక్క ప్రశ్నకు జవాబు రాసుకుంటే చాలు.

నోటిలో నాలుగు ప్రశ్నలు

ఇక అసలు పని ఇక్కడ మొదలవుతుంది. చెంచాడు కంటే కాస్త ఎక్కువ వైన్ నోటిలోకి తీసుకుని, నోరంతా తిప్పి, పెదవుల సందు నుంచి కొద్దిగా గాలి పీల్చి, ఒక పాత్రలోకి ఉమ్మేయండి. ఉమ్మడం అనాగరికమని మొహమాట పడేవారు ఆరో గ్లాసు దగ్గర తాము రాసిందేమిటో తామే చదవలేరు.

మొదటి ప్రశ్న పులుపు గురించి. ఉమ్మాక తల కొద్దిగా ముందుకు వంచి, నోరూరడాన్ని గమనించండి. లాలాజలం ఎంత జోరుగా, ఎంతసేపు ఊరితే పులుపు అంత ఎక్కువ. తీపి కప్పేసినా ఈ కొలత మోసపోదు. పినో గ్రీ పండే కొద్దీ పులుపును త్వరగా కోల్పోయే ద్రాక్ష. అల్సాస్ గ్లాసు దగ్గర ఊట తక్కువగా ఉండడానికి కారణం సాధారణంగా అదే. ఆల్టో అడిజే జతలో పినో గ్రీజో కంటే పినో బియాంకోలో ఊట కొంచెం సన్నగా, నిటారుగా సాగుతుంది.

రెండో ప్రశ్న తీపి. పండిన పండు వాసన ఉంటే చక్కెర లేకపోయినా వైన్ తియ్యగా ఉందనిపిస్తుంది. దీన్ని తేల్చడానికి ముక్కు గట్టిగా మూసుకుని ఒక గుక్క తీసుకోండి. ముక్కు మూసి ఉన్నప్పుడు మిగిలిన తీపి మాత్రమే చక్కెరది. వదలగానే తోసుకువచ్చేది పరిమళం. నాకు తెలిసినంతలో పినో గ్రీ విషయంలో ఇంతకంటే పనికొచ్చే చిట్కా లేదు.

మూడోది బరువు. వెన్న తీసిన పాలకూ చిక్కటి పాలకూ ఉన్న తేడా లాంటిదే ఇదీ. ఆల్కహాలు, మిగిలిన చక్కెర బరువును పెంచుతాయి. పులిశాక అడుగున చేరే ఈస్ట్ మడ్డి మీద కొన్ని నెలలు ఉంచి, అప్పుడప్పుడు కలియబెట్టిన వైన్ నోటిలో గుండ్రంగా, మెత్తగా తోస్తుంది. మాలిక్ ఆమ్లాన్ని లాక్టిక్ ఆమ్లంగా మార్చే బ్యాక్టీరియా పని చేసిన చోట పులుపు మొద్దుబారి, వెన్న వాసన తగలవచ్చు. బరువు ఎక్కడి నుంచి వచ్చిందో విడదీయాలంటే గొంతును గమనించండి: మింగినప్పుడు వెచ్చగా మండితే ఆల్కహాలు, మంట లేకుండా నాలుక మీద పరుచుకుంటే మడ్డి.

నాలుగోది వగరు, చేదు. నాలుకను పై చిగుళ్ల మీద జారించండి. గరుకుగా పట్టుకుంటే అది తొక్కలో ఉండి వగరు, చేదు ఇచ్చే ఫినాలిక్ పదార్థాల పని. పినో గ్రీ తొక్కలో రంగు ఉన్నందున ఎంత జాగ్రత్తగా పిండినా ఈ గుర్తు కొద్దిగా మిగులుతుంది. పినో బ్లాన్‌లో అంతగా ఉండదు. ఆల్టో అడిజే జతలో ఏది ఏదో గుర్తుపట్టడానికి నేను ముందుగా ఆధారపడేది ఈ చిన్న చేదు మీదే, పరిమళం మీద కాదు. రమాతోలో ఇది దాచుకోదు, ఒక్కోసారి తేలికపాటి ఎర్ర వైన్ పట్టు లాగా ఉంటుంది.

రాసుకునే తీరు

కాగితం మీద రెండు నిలువు వరుసలు గీసి, పులుపు, తీపి, బరువు, వగరు, రుచి నిలిచే సమయం అన్న ఐదు అంశాలకు ‘ఒకటి కంటే రెండు ఎక్కువ’, ‘రెండూ సమానం’ అన్నట్టు మాత్రమే రాయండి. వందకు ఎన్ని మార్కులన్న లెక్క ఈ పనికి అడ్డు వస్తుంది. నచ్చినదేదో చివర్లో ఒక్క మాటగా రాసుకోండి, ముందే రాస్తే మిగతా గీతలన్నీ దాని వైపు వంగుతాయి. గుక్కకూ గుక్కకూ నడుమ మంచినీళ్లు, ఉప్పూ వెన్నా లేని రొట్టెముక్క చాలు. ఆ గదిలో సెంటు, అగరుబత్తి, వంట వాసన ఉండకూడదు. ఒక దఫాలో మూడు జతలు దాటితే నాలుక మొద్దుబారుతుంది.

తేడా నిజంగా తెలిసిందా

రాసిన గీతలు నిజమో ఊహో తేల్చడానికి మూడు గ్లాసుల పరీక్ష ఉంది. సహాయకుడు రెండు గ్లాసుల్లో ఒక వైన్, మూడో దానిలో మరో వైన్ పోసి ఇస్తాడు. విడిగా ఉన్నదేదో మీరు చెప్పాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి సరిపోతుంది కాబట్టి ఒక్కసారి గెలిచినంత మాత్రాన లెక్కలోకి రాదు. ఐదుసార్లు చేసి నాలుగింటిలో సరిగ్గా చెప్పగలిగితే, అది కేవలం అదృష్టం అయ్యే అవకాశం 5% కంటే తక్కువ. ప్రతిసారీ గ్లాసుల క్రమం మార్చాలి, ఒక్కోసారి జంట గ్లాసుల్లోకి రెండో వైన్ రావాలి. 25 మిల్లీలీటర్ల చొప్పున పోసుకుంటే సీసాలు తరగవు. అల్సాస్, వెనెతో జతలో ఇది సులువు. పినో బియాంకో, పినో గ్రీజో జతలో మూడు సరిపోయినా బాగా సాగుతున్నట్టే.

వయసును చూడాలంటే

మామూలు పినో గ్రీజో పంట ఏడాది నుంచి రెండేళ్లలోపు తాగవలసిన వైన్. దాన్ని దాచి ఉపయోగం లేదు. పినో బ్లాన్‌ను కూడా అదే గాటన కట్టడం మాత్రం అన్యాయం. ఆల్టో అడిజేలోని తెర్లానో గ్రామపు సహకార వైనరీ తన పినో బియాంకోను దశాబ్దాలపాటు నిలవ ఉంచి విడుదల చేస్తూ, ఈ ద్రాక్ష వయసుకు తట్టుకోదన్న మాటను తోసిపుచ్చింది. ఆ వైనరీ సీసా ఒకటి కొత్తది, ఒకటి పదేళ్లు దాటినది దొరికితే పక్కపక్కన పెట్టి, పులుపు ఊటను మళ్లీ కొలవండి. పండు వాసన మారినా ఊట పెద్దగా తగ్గకపోవడాన్ని గమనిస్తారు.

మిగిలిన వైన్‌ను పారబోయకండి. చిన్న సీసాల్లోకి అంచు దాకా నింపి, బిగించి ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు కొత్త కాగితం మీద అవే ఐదు అంశాలు రాయండి. ఉక్కు తొట్టి పినో గ్రీజో ఒక్క రాత్రిలో పరిమళం కోల్పోయి చప్పబడటం, మడ్డి మీద ఉంచిన వైస్‌బుర్గుండర్ అలాగే నిలబడటం, కొన్నిసార్లు ముందురోజు కంటే విప్పారడం కూడా కనిపిస్తుంది. రెండో రోజు కాగితాన్ని పూర్తి చేశాకే మొదటి రోజు కాగితాన్ని బయటికి తీయండి.